ఆరూ ఒకటి

బావగారు పోయారన్న కబురు తాడేపల్లిగూడెంలో ఉన్న మాకు పొద్దుటి పాసింజరు బండిలో వచ్చింది. ఏలూరులో ఆయన పక్కింట్లో ఉండే పెద్దమనిషి బండి దిగి, దారి అడుగుతూ మా ఇంటికి వచ్చారు. మావారు రైసుమిల్లుకు వెళ్ళడానికి చొక్కా తొడుక్కుంటున్నారు. ఆ వచ్చినాయన నాతో ఏమీ చెప్పలేక, "తమ్ముడుగారిని ఒకసారి పిలుస్తారాండీ" అన్నారు. మావారు గుమ్మంలోకి వచ్చాక గోడకేసి చూస్తూ చెప్పారు.

"పెద్దాయన నిద్రలోనే వెళ్ళిపోయారండీ. అమ్మగారు కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు."

మావారు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం పూర్తి చేశారు. తరవాత అన్నీ విప్పి, మళ్ళీ మొదటినుంచీ పెట్టుకున్నారు.

బావగారంటే మావారి అన్నగారు. ఏలూరులో కాలేజీలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుగా చాలాకాలం పనిచేశారు. పెళ్ళయిన కొత్తలోనే భార్య పోతే మళ్ళీ చేసుకోలేదు. వాళ్ళ అమ్మగారు, అంటే మా అత్తయ్యగారు, ఆయనా ఒక ఇంట్లో ఉండేవారు. నేను కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. నేను కొల్లేటి లంకల్లో పుట్టినదాన్ని. నాలుగో తరగతి దాకా చదివాను. ఇలాంటిది రాయడం నాకు ఇదే మొదలు. ఆయన గురించి చదువుకున్నవాళ్ళు రాస్తే బాగుంటుంది. కానీ ఈ సంగతి నాకూ, అత్తయ్యగారికీ తప్ప పూర్తిగా ఎవరికీ తెలియదు. అందుకని నేనే రాస్తున్నాను.

మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన వస్తే తలుపు చాటుకు వెళ్ళాలి. బావగారు నాకు ఆ తిప్పలు లేకుండా వీధి గేటు దగ్గరే గొంతు సవరించుకునేవారు. పెరట్లోకి రావాలంటే నూతి పక్కనున్న ఇత్తడి బిందెను వేలితో రెండుసార్లు కొట్టి, లోపల పది అంకెలు లెక్కపెట్టుకుని అప్పుడు వచ్చేవారు. అలా లెక్కపెట్టుకునేవారని అత్తయ్యగారు చెప్పాకే నాకు తెలిసింది. నేను తడిచేతులతో పరిగెత్తి జారిపడకుండా అట.

ఆయన పని నాకు మొదట తెలిసింది ఒక పొరపాటు వల్ల. ముందుగది కిటికీలో ఆరు గాజుగ్లాసులు, వాటి మూతులమీద ఆరు ఉల్లిపాయలు ఉండేవి. పాయ అడుగు నీళ్ళకు తగులుతూ ఉంటుంది. నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయిన రోజు ఒకటి తీసుకెళ్ళి పులుసులో వేశాను. ఆ మధ్యాహ్నం బావగారు అన్నంలో పులుసు కలుపుకుంటూ అన్నారు.

"అమ్మా, కిటికీలోవి ఐదే ఉన్నాయి."

"అయితే ఏంట్రా, ఆరోది నీ విస్తట్లో ఉంది" అన్నారు అత్తయ్యగారు. "వేళ్ళొచ్చేదాకా పెంచి చూసుకుంటాడు కానీ కూరలో వెయ్యనివ్వడు. ఉల్లిపాయలకి నోములు చేస్తున్నావా?"

"బాగానే ఉందిలే. నాలుగు రోజులు పెంచిన రుచి వచ్చింది" అన్నారాయన.

తలుపు చాటున నాకు ప్రాణం పోయినంత పనైంది. మర్నాడు ఆయన కాలేజీకి వెళ్ళాక ఇంకో పాయ తెచ్చి గ్లాసుమీద పెట్టాను. అప్పటినుంచీ రోజూ నీళ్ళు మార్చడం నా పనైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆ ఉల్లిపాయలు మామూలువి కావు. కామవరపుకోట వైపు మెట్టపొలాల్లో పండే చిన్న ఎర్రపాయలు. వాటి కణాల్లో పుస్తకాల్లో లేనిది ఏదైనా ఉంటుందేమో చూడాలని ఆయన కోరిక. వేరు కొసను వడ్లగింజంత కోసి, మందులో నానబెట్టి, ఎర్రరంగు వేసి, గాజుపలకమీద పెట్టి, పైన పల్చటి అద్దంముక్క కప్పి, బొటనవేలితో నొక్కేవారు. దాన్ని స్లైడు అనేవారు. దాన్ని కిటికీ దగ్గర మైక్రోస్కోపులో పెట్టి గంటలు గంటలు చూసేవారు.

ఏం చూస్తారో నేను తలుపు చాటునుంచే నేర్చుకున్నాను. అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఆవిడకు చెప్పేవారు. ఆవిడకు వినాలని లేదు, వద్దనాలనీ లేదు.

"అమ్మా, ప్రతి కణంలోనూ సన్నటి దారాలుంటాయి. క్రోమోజోములంటారు. కణం రెండయ్యేటప్పుడు ఒక్కో దారం నిలువునా రెండు పోగులై, ఒకటి అటూ ఒకటి ఇటూ పోతుంది. వాటంతట అవి పోవు. ప్రతిదానికీ ఒక చోటుంటుంది, అక్కడ పట్టుకుని లాగితే వెళ్తాయి. దాన్ని సెంట్రోమియర్ అంటారు. పేరు చూస్తే సెంటర్లో ఉండాలి. ఉండదు. పేరు నడిమిది, చోటు దాని ఇష్టం."

"మీ నాన్న పేరు ధర్మయ్య కాదూ, అలాగే" అన్నారు అత్తయ్యగారు.

ఆయన నవ్వి, "దానికి తెలుగులో మంచి మాట దొరకడం లేదమ్మా" అన్నారు.

ఆ రాత్రి మాట ఒకటి నాకు తోచింది. మర్నాడు అత్తయ్యగారి చెవిలో వేశాను. మా లంకలో చిన్నప్పుడు తాటిదోనెలో పోతూ తామరతూళ్ళు నీళ్ళలో పట్టుకుని ఆడుకునేవాళ్ళం. నడుమ పట్టుకుంటే రెండు పక్కలూ సమంగా వెనక్కి వాలి పట్టుకారులా వస్తుంది. కొంచెం ఓరగా పట్టుకుంటే ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు. కొస దగ్గర పట్టుకుంటే గేలంలా చిన్న వంపు, మిగిలిందంతా తోక. కొసనే పట్టుకుంటే పుల్లలా నిటారుగా వస్తుంది. ఎక్కడ పట్టుకుంటామో దాన్ని పట్టు అంటాం. అంతే చెప్పాను.

అత్తయ్యగారు ఆ మాటలు మోసుకెళ్ళి వరండాలో ఆయనకు చెప్పారు. తరవాత ఆయన గొంతు వినిపించింది.

"నాలుగు రకాలూ అవేనమ్మా. సరిగ్గా అవే. మా కాలేజీ పిల్లలకి చెప్పడానికి నాకు వారం పడుతుంది. పట్టు ఎక్కడో తెలిస్తే ఆకారం అదే తెలుస్తుంది. అమ్మాయికి చెప్పు."

సాయంత్రం అత్తయ్యగారి చేత నాకు నాలుగు తెల్లదారాలు పంపారు. ఒక్కోదానికి ఒక్క ముడి. నడుమ పట్టు, ఓర పట్టు, కొస దగ్గర పట్టు, కొస పట్టు. వాటి ఇంగ్లీషు పేర్లు మెటాసెంట్రిక్, సబ్‌మెటాసెంట్రిక్, ఏక్రోసెంట్రిక్, టీలోసెంట్రిక్ అని మావారు కాగితంమీద రాసిచ్చారు. ఆ నాలుగోది ఉల్లిజాతిలో ఉండదని, చెట్లలో ఎక్కడో అరుదుగా తప్ప కనిపించదని బావగారు అనేవారు.

ఆయన కళ్ళు తగ్గుతున్నాయని ముందు తెలుసుకున్నది నేనే. నీళ్ళు మార్చేటప్పుడు ఒకసారి చూస్తే మైక్రోస్కోపులో స్లైడు బోర్లా పెట్టి ఉంది. రెండోసారీ అలాగే ఉంది. తరవాత తరవాత ఆయన విస్తట్లో ఉప్పు ఏ మూల వేశారో అత్తయ్యగారు చెప్పవలసి వచ్చింది. కంటి డాక్టరుగారు మైక్రోస్కోపు చూడవద్దన్నారు. బావగారు ఆ సంగతి కాలేజీలో చెప్పలేదు. చెబితే ఆ పనిలో ఉంచరు. కానీ మెట్ట ఉల్లిపాయ పని సగంలో ఉంది. వాల్తేరులో ఉన్న తన గురువుగారికి దాని లెక్క చూపిస్తానని ఆయన మాట ఇచ్చారు.

ఒకరోజు అత్తయ్యగారు నా దగ్గరకొచ్చి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగారు. "ఏవమ్మాయ్, ఆ గొట్టంలోకి నువ్వు చూసి చెప్తావా? వాడు అడగలేక అడుగుతున్నాడు."

అలా మొదలైంది. నేను ముందుగదిలోకి రాగానే ఆయన వరండాలోకి వెళ్ళి, నాకు వీపు పెట్టి, పడక్కుర్చీలో కూర్చునేవారు. వేళ్ళ అలవాటుమీద ఆయన చేసిపెట్టిన స్లైడును నేను మైక్రోస్కోపులో చూసేదాన్ని. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేవారు. మొదటిరోజు నాకు ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఉన్నదున్నట్టు చెబితే ఆయన బాధపడతారని, "దారాలు కనిపిస్తున్నాయండీ" అన్నాను. ఆయన ఎలా కనిపెట్టారో, "అమ్మా, చూసింది చెప్పమను. చూడాలనుకున్నది చెప్పద్దని చెప్పు" అన్నారు. గొంతులో కోపం లేదు. నెల తిరిగేసరికి దారాలు నిజంగానే కనిపించాయి. జత జతగా పొడుగులు పోల్చుకోవడం, పట్టు ఎక్కడుందో చూడడం చేతనయ్యాయి. మొత్తం ఎనిమిది జతలు.

లెక్క చెప్పవలసిన రోజు వచ్చింది. మంచి ఎండ, మంచి స్లైడు.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. ఆరు తరవాత వచ్చే అంకెను నేను నోటితో అనను. మావారి పేరు తిరుమల కొండల లెక్కతో మొదలవుతుంది. అత్తయ్యగారూ అనరు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆ అంకె అంటే కన్నీళ్ళను పిలిచినట్టని, "ఆరూ ఒకటి" అని కొలత సాగిస్తారు. ఎవరైనా ఇంట్లో పైకి అంటే ఆవిడ గయ్యిమనేవారు.

"నడుమ పట్టువీ, ఓర పట్టువీ కలిపి ఎన్ని జతలో అడుగమ్మా. వాటిని విడదీయడం తరవాత చూద్దాం" అన్నారు బావగారు.

"ఏవే, నడుమవీ ఓరవీ కలిపి ఎన్నంటున్నాడు."

"ఆరూ ఒకటండీ అత్తయ్యా."

"ఆరూ ఒకటంట్రా."

వరండాలో కుర్చీ కిర్రుమంది. "ఆ ఒకటి ఎక్కడ పట్టు?"

"ఆ ఒకటి ఎక్కడంటున్నాడు?"

మిగిలిన జత గురించి, అంటే కొస దగ్గర పట్టున్నదాని గురించి అడుగుతున్నారనుకున్నాను. "కొసనండీ" అన్నాను.

"కొసనంట."

"కొస దగ్గరా, కొసనా?"

"కొసనంటే కొసనేరా. అక్కడ నా పోపు మాడిపోతోంది."

"ఉండమ్మా. మరి ఎనిమిదోది? అది కొస దగ్గరేనా?"

"ఎనిమిదోది కొస దగ్గరేనా ఏవే?"

"అవునండీ" అన్నాను. చెప్పిందే మళ్ళీ అడుగుతున్నారు, రూఢి చేసుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. మర్నాడు ఇంకో స్లైడుమీద అవే ప్రశ్నలు, అవే జవాబులు.

ఆ రెండోరోజు ఎప్పుడూ ఏదీ కావాలని అడగని మనిషి, "అమ్మా, పాయసం చేస్తావా?" అన్నారు. మావారు మిల్లునుంచి వచ్చాక వాళ్ళిద్దరూ వరండాలో మాట్లాడుకోవడం విన్నాను.

"పుస్తకాల్లో లేనిదిరా తమ్ముడూ. ఏ నాటి ఉల్లిపాయలోనో ఒక దారం పట్టు దగ్గరే తెగి ఉంటుంది. తెగిన ముక్క పోక, అలాగే నిలిచి, తరాలు తరాలు వచ్చింది. మన మెట్టలో. చూశావా?"

"చూసింది నువ్వు కాదుగా అన్నయ్యా" అన్నారు మావారు నవ్వుతూ.

"కాదు" అన్నారాయన. "అదే కొంచెం..." నేను చెప్పిన ఎనిమిదోదాని సంగతే కాబోలు అనుకున్నాను.

వాల్తేరు వెళ్ళడానికి రోజు కుదిరింది. గురువుగారికి ఇచ్చే ఉత్తరం ఇంగ్లీషులో టైపు అయింది. ఆ ముందురోజు అత్తయ్యగారు పెదపాడులో బంధువులింట్లో పురుడుంటే వెళ్ళారు. ప్రయాణం రోజున మావారు పొద్దుటి బండికి గూడెం మిల్లుకు వెళ్ళిపోయారు. నేను ముందుగది తుడుస్తుంటే బల్లమీద మావారి చేతిరాతతో ఒక కాగితం కనిపించింది. బావగారు చెబుతుంటే రాసుకున్న చిత్తుప్రతి. అందులో ఇలా ఉంది: నడుమ, ఓర పట్టువి ఆరు జతలు. కొస దగ్గర పట్టు ఒక జత. కొస పట్టు ఒక జత.

నేను అలాంటిది చూడలేదు. ఆ నాలుగో రకం ఆ స్లైడులో లేనేలేదు.

మూడుసార్లు చదివాక అర్థమైంది. నా "ఆరూ ఒకటి" ఆయన చెవికి ఆరు ఒక రకం, ఒకటి ఇంకో రకంగా చేరింది. కళ్ళం కొలతలు తెలిసిన ఇంటి మనిషే. కానీ ఆ మధ్యాహ్నం ఆయన మనసు కళ్ళంలో లేదు. ఇప్పుడు జేబులో స్లైడు పెట్టుకుని వెళ్తున్నారు. గురువుగారు ఒక్కసారి చూస్తే చాలు, అది అందులో లేదని తెలుస్తుంది. చూడనిది చూశానని రాశాడని అనుకుంటారు. అంతకన్నా ఆయనకు అవమానం లేదు.

వీధిలో రిక్షా బెల్లు మోగింది. బావగారు వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నారు. చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు. పలకమీద రాద్దామంటే ఆయన చదవలేరు. నేను తలుపు వెనక్కి వెళ్ళి గొలుసు చప్పుడు చేశాను.

"ఎవరూ? అమ్మా, అప్పుడే వచ్చేశావా?"

మళ్ళీ గొలుసు కదిపాను.

"అమ్మాయివా? ఏమైనా కావాలా?"

అప్పుడు అన్నాను. "ఏడండీ."

ఆయన మామూలుగా జవాబు చెప్పారు. "వాడా? గూడెం వెళ్ళాడుగా. నీతో చెప్పలేదూ?"

నా భర్త ఎక్కడున్నాడని నేను అడిగాననుకున్నారు. మళ్ళీ అనవలసి వచ్చింది. తలుపు చెక్కను రెండు చేతులతో పట్టుకుని అన్నాను.

"అంకె బావగారూ. ఏడు జతలు. ఆరూ వేరే ఒకటీ కాదండీ. ఏడూ ఆ నడుమ, ఓర పట్టువేనండీ."

వీధిలో రిక్షా అబ్బాయి, "అయ్యగారూ, బండి వేళవుతోందండీ" అన్నాడు.

"కొస పట్టు లేదన్నమాట" అన్నారు బావగారు.

"లేదండీ."

"రెండు స్లైడుల్లోనూ?"

"రెంటిలోనూ లేదండీ."

"మరి ఆరోజు ఆరూ ఒకటని ఎందుకు..." అని, తమ్ముడి పేరు ఆయనే పైకి అనుకున్నారు. అని, నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక తలుపు సందులోంచి ఒక కవరు లోపలికి వచ్చింది. గురువుగారికి రాసిన ఉత్తరం అందులో ఉంది. దాని వెంట పెన్సిలు.

"వెనకవైపు అంకె వెయ్యమ్మా. మళ్ళీ అనక్కర్లేదు. వేస్తే చాలు."

అంకె వేసి ఇచ్చాను. ఆయన దాన్ని వేలితో తడిమారు. జేబులో పెట్టుకుని రిక్షా ఎక్కారు.

మూడోరోజు తిరిగి వచ్చారు. అత్తయ్యగారు కూడా అప్పటికి వచ్చేశారు. నాకు వినబడేలా ఆవిడతో చెప్పారు.

"గురువుగారు స్లైడు చూశారమ్మా. నీ కోడలి లెక్క సరిగ్గా ఉందన్నారు. నేను విన్న లెక్క తప్పని ముందే చెప్పాను. నా కళ్ళ సంగతీ చెప్పాను."

"అదెందుకు చెప్పావురా? కాలేజీ దాకా పాకితే?"

"పాకక్కర్లేదు. రేపు నేనే చెప్తాను. చూడలేనివాడు చూశానని సంతకం పెట్టకూడదు కదమ్మా."

అత్తయ్యగారు తలుపుకేసి చూసి, "అయితే ఇది నీతో మాట్లాడిందా?" అన్నారు.

"నేనే అడిగాను. జవాబు చెప్పింది" అన్నారాయన. ఆయన అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ సంవత్సరాంతానికి కాలేజీ పని మానేశారు. ఉల్లిపాయలు మానలేదు. కొత్తది ఏమీ దొరకలేదు. దొరకనందుకు విచారమూ కనిపించలేదు. లెక్క చెప్పే పద్ధతి మాత్రం మార్చేశారు. "నోటి లెక్క వద్దమ్మా, దారం లెక్క పెట్టుకుందాం" అన్నారు. నేను ఒక్కో జత చూసి, ఆ పొడుగుకు తగినట్టు దారాలు తుంచి, పట్టున్న చోట ముడివేసి, కిటికీ చట్రంమీద వరసగా పెట్టేదాన్ని. నేను వంటింట్లోకి వెళ్ళాక ఆయన వచ్చి ఒక్కొక్కటీ రెండు వేళ్ళమధ్య జార్చుకుంటూ ముడి ఎక్కడ తగులుతుందో చూసుకునేవారు. ఏ అంకే అనవలసిన పని లేకపోయింది. నా కోసమే ఆ పద్ధతి పెట్టారని నాకు తెలుసు. ఆయన మాత్రం, "వేళ్ళకి పని ఉండాలి కదా" అనేవారు.

తరవాత మావారి పని పెరిగి మేము గూడెం వచ్చేశాం. మేము బయల్దేరిన రోజు ఆయన గేటు దగ్గరే నిలబడి, మేము బండి ఎక్కేదాకా ఇటు తిరగలేదు. నేను తల వంచుకుని దాటిపోవడానికి వీలుగా.

పదోరోజు కార్యక్రమం అయ్యాక ఏలూరు ఇంట్లో ముందుగదిలో అత్తయ్యగారూ నేనూ కూర్చున్నాం. ఆవిడ ఆ పది రోజులూ కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్ళందరినీ భోజనం చేశారా అని అడుగుతూనే ఉన్నారు. కొడుకు కళ్ళజోడు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు.

"దిండు కింద ఉంది. ఇందులో ఏవో దారాలున్నాయి. నీవేనేమో చూడు."

నావే. చివరిసారి వేసినవి. ఎనిమిది జతలూ, ఒక్కో జత విడిగా చుట్టి ఉంది. ముడులు నల్లబడి, నున్నగా అయిపోయాయి.

అత్తయ్యగారు చెయ్యి చాపి ఒకటి తీసుకున్నారు. కొడుకు చేసినట్టే కళ్ళు మూసుకుని వేళ్ళమధ్య జార్చారు.

"ఇది నడుమ కదూ?"

"అవునండీ."

"ఇది?"

"ఓరగా ఉందండీ."

జతకొకటి చొప్పున తడిమి ఒళ్ళో పెట్టుకుంటూ లెక్కపెట్టారు. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి విన్నదేమీ మరిచిపోలేదు. ఐదు అన్నారు. ఆరు అన్నారు. ఇంకోటి తీసుకుని, "ఆరూ..." అని ఆగిపోయారు.

"నువ్వు అనవే" అన్నారు. "వాడితో అన్నావుగా."

అన్నాను.

ఆవిడ నామీద గయ్యిమనలేదు. కళ్ళు తెరవలేదు. దారం నడిమి ముడి ఆవిడ రెండు వేళ్ళమధ్య ఉంది. రెండు కొసలూ సమంగా కిందికి వేలాడుతూ, కదులుతూ ఉన్నాయి.